హెల్త్ ఇన్సూరెన్స్ లైన్ల పైకి ఎట్ల పోవాలె? వరంగల్ దిక్కు చేసినోళ్లు చెప్పున్రి

కాజీపేట_కుర్రోడు:
అందరికీ నమస్తే. హనుమకొండల ఒక హెల్త్ ఇన్సూరెన్స్ ఆఫీసుల మూడేండ్ల సంది సేల్స్ మేనేజర్‌గ చేస్తున్న. ఏజెంట్లను చేర్పియ్యాలె, టార్గెట్ కొట్టాలె, ఇదే పని. జోనల్ హెడ్ దాకా ఎదగాలని ఉంది. దారి చెప్పున్రి.

నక్కలగుట్ట_రిటైర్డ్:
తమ్ముడూ, నేను ప్రభుత్వరంగ బీమా కంపెనీలో చేసి రిటైరయ్యాను. వి. జగన్నాథన్ గారి సంగతి తెలుసుకో. ప్రభుత్వరంగ బీమా కంపెనీ యునైటెడ్ ఇండియాకు సీఎండీగా, అంటే అధిపతిగా చేసిన మనిషి, 2006లో స్టార్ హెల్త్ మొదలుపెట్టారు. ఆరోగ్య బీమా ఒక్కటే చేసే కంపెనీ దేశంలో అదే మొదటిది. అప్పట్లో మా ఆఫీసులో మెడిక్లెయిమ్ (ఆరోగ్య బీమా పాలసీ) అంటే నష్టాల పద్దు, ఫైర్, మోటార్ చూసేవాళ్లకే విలువ. ఆ పద్దునే నమ్ముకొని కంపెనీ పెట్టడం నాకు ఇప్పటికీ పెద్ద తెగువే అనిపిస్తుంది. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు బీమా బాధ్యత కూడా ఆ కంపెనీదే.
ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షలు రాయి. లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ వరసగా.

హెల్ప్‌డెస్క్_అక్క:
తమ్మీ, నేను వరంగల్‌ల ఒక ప్రైవేటు దవాఖాన ఇన్సూరెన్స్ డెస్క్‌ల తొమ్మిదేండ్లు కూసున్న. మీ పెద్దసార్లు ఎసొంటోళ్లో మాకు డిశ్చార్జి రోజే తెలుస్తది. పరకాల దిక్కు నుంచి వచ్చిన ఒకాయనకు పొద్దుగాల పదింటికి డిశ్చార్జి రాసిన్రు. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి బిల్లుకు అప్రూవల్ వచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. ఆయన భార్య బ్యాగు సదురుకొని బెంచీ మీద్నే కూసున్నది, ఊరికి ఆఖరి బస్సు పోయింది. ఆమె మొఖం నేను మర్వలే.
మల్ల వారం ఆ కంపెనీ కొత్త జోనల్ హెడ్ వచ్చిండు. మీటింగ్ పెట్టలే. నా పక్కన కుర్చీ ఏసుకొని పొద్దంత కూసున్నడు. ఒకటే కాయితం మూడుసార్లు అడుగుతున్నరని చూసి, అక్కడికెళ్లే ఫోన్ చేసి ఆపిచ్చిండు. ఆయన ఉన్నన్ని రోజులు మాకు గింత గోస లేకుండె.
ఇప్పుడైతే 2024 మే నుంచి ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) రూలే ఉంది: క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే దవాఖానకు కట్టుడు, అడిగితే గంటల చెప్పాలె, డిశ్చార్జికి మూడు గంటలు. అంతకంటె లేటయి దవాఖాన బిల్లు పెరిగితే కంపెనీయే భరించాలె.

భూపాలపల్లి_సింగరేణి_బిడ్డ:
మా బాపుకు షుగర్ ఉందని ఏజెంట్‌కు చెప్పినం, ఆయన ఫారంల రాయలే. క్లెయిమ్ కొట్టేసిన్రు. కాయితం మీద ఫిర్యాదు రాసి ఇస్తే రీజినల్ మేనేజర్ సారే ఫోన్ చేసి, ఫారం తెప్పిచ్చి చూసి, సగం పైన ఇప్పిచ్చిండు. కుర్రోడన్నా, మీ ఏజెంట్లకు మొట్టమొదలు ఫారం నింపుడు నేర్పు. గదే నాయకత్వం అని నేనంట.

నక్కలగుట్ట_రిటైర్డ్:
నిజం. ఐదేళ్లు ఆపకుండా ప్రీమియం కట్టాక, మోసమని రుజువు చేస్తే తప్ప పాత రోగం సంగతి చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ ఆపడానికి ఇప్పుడు వీల్లేదు. మునుపు అది ఎనిమిదేళ్లు. నీ టీమ్‌కు ఇది కంఠతా రావాలి.

కాజీపేట_కుర్రోడు:
అక్కా, నా కింద 22 మంది ఏజెంట్లు. క్లెయిమ్ ఎట్ల నడుస్తదో నేనే ఒక్కనాడు చూడలే. క్లెయిమ్స్ డిపార్ట్‌మెంట్‌కు మారుత అని రేపు సార్‌కు రాస్త. అంతకుముందు మీ డెస్క్ కాడ ఒకరోజు కూసోనిస్తరా?

హెల్ప్‌డెస్క్_అక్క:
సోమారం రా. డిశ్చార్జిలు ఎక్కువుంటయి.