వాన నీరు ఇంట్లోకి వచ్చేటప్పుడు కరెంటు, గ్యాస్ విషయంలో ఏం చేయాలి?

ప్రశ్న:
తిరుపతిలో, తిరుచానూరు రోడ్డుకు దిగువనున్న పల్లపు వీధిలో, కింది అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. 2021 నవంబరు వరదల్లో ఇక్కడ మోకాటి లోతు నీరు నిలిచిందని ఇంటి యజమాని చెప్పారు. మీటరు బోర్డు మెట్ల కింద రెండడుగుల ఎత్తులోనే ఉంది, ఇన్వర్టర్ బ్యాటరీ నేలమీదే ఉంది. మా అత్తగారు నడవలేరు. ఆరెంజ్ హెచ్చరిక వచ్చినప్పుడు మెయిన్ ఎప్పుడు ఆపాలో, సిలిండరును ఏం చేయాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
వాతావరణ శాఖ లెక్కలో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని అర్థం. 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 మి.మీ. నుంచి అతి భారీ వర్షం అంటారు. అయితే హెచ్చరిక జిల్లా మొత్తానికి ఇచ్చేది, మీ వీధి పల్లం అందులో కనిపించదు. పైగా శేషాచలం కొండల మీద కురిసిన వాన కపిలతీర్థం వైపు నుంచి ఊళ్లోకి దిగుతుంది కాబట్టి, మీ ఇంటి మీద చినుకు ఆగినంత మాత్రాన ముప్పు తప్పినట్టు కాదు. నడవలేని పెద్దావిడ ఉన్న ఇంటికి ఆరెంజే ఎరుపు అని నా అభిప్రాయం. వెలుతురు ఉండగానే ఆమెను పై అంతస్తుకు చేర్చండి.

రెండవ సమాధానం:
నేను వైరింగ్ పని చేస్తాను. నీరు గుమ్మం దాటకముందే, పొడి నేలమీద నిలబడి, పొడి చేతులతో మెయిన్ ఆపండి. మెట్ల కింద నీరు చేరిపోయి ఉంటే మాత్రం ఆ బోర్డు జోలికి వెళ్లకుండా 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపమనండి. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుని అవే తీగల్లోకి కరెంటు పంపుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. దాన్ని కూడా ముందే ఆపాలి, బ్యాటరీని ఎత్తైన స్టాండు మీదికి మార్పించాలి. ఎం.సి.బి. (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్) తీగలను కాపాడుతుందే తప్ప మనిషికి తగిలే షాక్‌ను ఆపదు, అందుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉండాలి.

నీరు తగ్గాక నిప్పు భయం మొదలవుతుంది. సాకెట్లలో చేరిన బురద ఆరకముందే స్విచ్ వేస్తే ఆ తడి గుండా కరెంటు పారి, ప్లాస్టిక్ మాడి, అంటుకుంటుంది. సాకెట్లు విప్పి శుభ్రం చేయించి, ఎలక్ట్రీషియన్ పరీక్షించిన తర్వాతే మెయిన్ వేయండి. నీట మునిగిన ఫ్రిజ్‌కూ, మోటారుకూ ఇదే వర్తిస్తుంది.

మూడవ సమాధానం:
గ్యాస్ అయిపోవచ్చిన సిలిండరు నీటిలో తేలి పైపును లాగేస్తుంది. అందుకే రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, ఎత్తైన చోట నిలువుగా తాడుతో కట్టేయండి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది కనుక నేలకు దగ్గరగా పేరుకుంటుంది. కరెంటు లేదని కొవ్వొత్తి వెలిగించే ముందు వాసన చూడండి, టార్చి వాడితే ఇంకా మంచిది. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయవద్దు, ఆపవద్దు. తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. మంట కనిపిస్తే 101కి చేయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మీటరు బోర్డును యజమాని స్వయంగా పైకి మార్పించవచ్చా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
మీటరును విద్యుత్ సంస్థ సిబ్బందే మార్చాలి, యజమాని వారికి దరఖాస్తు పెట్టాలి. మీటరు తర్వాతి మెయిన్ స్విచ్‌నూ, ఎం.సి.బి.లనూ మాత్రం మీ ఎలక్ట్రీషియన్ చేత ఛాతీ ఎత్తుకు మార్పించుకోవచ్చు. అక్టోబరు వానలకు ముందే ఆ పని పూర్తి చేయించండి.