కొటేషన్ కుదిస్తే చుక్కలు ఎక్కడెక్కడ పెట్టాలి?

నమస్కారమండి. మాది విశాఖపట్నం. మా అమ్మాయి 1933లో ప్రారంభమైన మన పోర్టు మీద స్కూలుకి రీసెర్చ్ పేపర్ రాస్తోంది. అక్కడ పనిచేసి రిటైరైన వాళ్ల తాతయ్య మాటల్ని కోట్ చేస్తోంది, అవేమో చాంతాడంత ఉన్నాయి. వాక్యం మధ్యలో వదిలేస్తే మూడు చుక్కలు, వాక్యం ముగిశాక వదిలేస్తే ఫుల్‌స్టాప్‌తో కలిపి నాలుగు అని తెలుసు. మరి కొటేషన్ మొదట్లోనూ పెట్టాలా? ఆయన మాట్లాడుతూ ఆగినచోట తను ముందే చుక్కలు పెట్టింది. మేం తీసేసినచోట చుక్కల్ని స్క్వేర్ బ్రాకెట్లలో పెడితే తేడా తెలుస్తుందా?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. "తుఫాను రోజుల్లో తప్ప పని ఆగేది కాదు" అన్నారాయన. మొదటి మూడు మాటలూ తీసేస్తే, చుక్కలు పెట్టినా సరే, పెద్దాయన అనని మాట అంటగట్టినట్టే కదా! ఇలాంటిచోట ఎలా కుదించాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.