ప్రార్థనలో నా పేరు చదివి మరీ వెలేశారు, మీలో ఎవరికైనా ఇట్లా జరిగిందా?

ఆల్టో_హన్మకొండ: పదకొండేళ్లుగా మా సంఘం క్వయర్‌లో పాడుతున్నాను. మందిర కట్టడం కానుకల లెక్క ఒకసారి చదివి వినిపించమని మీటింగ్‌లో అడిగాను, గట్టిగా కూడా కాదు. తర్వాత ఎవరూ ఒక్క మాట తిట్టలేదు. ప్రాక్టీస్ రోజు మార్చి నాకొక్కదానికే చెప్పలేదు, అంతే. శుక్రవారం కూటంలో ప్రార్థన మనవుల చీటీలు చదువుతారు కదా, షుగర్ తగ్గాలని, కొడుక్కి వీసా రావాలని రాసిన చీటీల మధ్యలో నా పేరు పెట్టి "ఈ సహోదరికి తిరుగుబాటు ఆత్మ నుంచి విడుదల కలగాలి" అని చదివారు. అందరూ కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు. అలవాటుగా నేనూ అన్నాను. అదే ఇంకా మండుతోంది.

చిడతలు_జగిత్యాల: అక్కా, మాది హనుమాన్ గుడి, మంగళవారం భజన. మాలవేసుకున్నవాళ్ల భిక్షకు వసూలు చేసిన చందాలో తేడా ఉందన్నాను. ఆ వారం నుంచి నేనెత్తుకున్న పాటను వెనక ఎవరూ అందుకోరు. హార్మోనియం ఆగదు, డోలక్ ఆగదు, గొంతులు మాత్రం లేవు. ఇరవై మంది కూర్చున్నచోట ఒక్కడే పాడితే ఎట్లుంటదో పాడినోనికే తెలుసు. ఎవరికి చెప్పుకున్నా "నిన్నేమన్నారు మరి?" అంటారు. ఏమీ అనలేదు, అదే కదా బాధ.

తూర్పుగాలి: ఇవన్నీ బయట పెట్టుకుంటే వేరే మతంవాళ్ల ముందు మన పరువే పోతుంది. పెద్దమనుషులతో కూర్చుని మాట్లాడుకోండి.

కాజీపేట_ప్యాసింజర్: ఆ పెద్దమనుషులే చేస్తుంటే ఎవరితో కూర్చోవాలన్నా? మా నాన్నకూ ఇదే చెప్పారు, బయట చెప్తే ఖౌమ్ ఇజ్జత్, అంటే మనోళ్లందరి పరువు, పోతుందని. ఇఫ్తార్‌లో ఆయన కూర్చోగానే పక్కవాళ్లు ఖర్జూరం ప్లేటుతో సహా జరిగేవాళ్లు. రెండు రంజాన్లు ఓర్చుకున్నాడు, మూడోసారి నుంచి ఆటో ఎక్కి ఇంకో మసీదుకు పోతున్నాడు.

కోర్టు_చౌరస్తా: మా నిజామాబాద్ దిక్కు గ్రామాభివృద్ధి కమిటీలు బహిరంగంగానే వెలేస్తాయి, వెలేసినోళ్లతో మాట్లాడితే జరిమానా అంటాయి. అది కనిపిస్తది కాబట్టి కేసులైనా అవుతున్నాయి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాన్ని వేరేవాళ్లు వెలేస్తే 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం కింద నేరం. ఏ కులమైనా, మతమైనా వర్తించేటట్టు మహారాష్ట్ర 2016లో విడిగా చట్టం చేసింది. మీ సంఘం సొసైటీగా రిజిస్టరై ఉందా చూడండి అక్కా, ఉంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద సభ్యులు జిల్లా కోర్టుకు పోవచ్చు. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్లు దారి చెప్తారు. ముందు లెక్కలు రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా వద్దు. గ్రూపులో మెసేజ్‌లు మాయమయ్యేలోపు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఆ చీటీ ఏమైంది?

ఆల్టో_హన్మకొండ: నా దగ్గరే ఉంది. కూటం అయ్యాక బల్లమీద వదిలేసి పోయారు. కానుక కవరు చింపి వెనక రాశారు. రాత ఎవరిదో చూడగానే తెలిసింది, నా పాటల నోట్‌బుక్ నిండా ఆ రాతే, నా పక్కన నిలబడి పాడే అమ్మాయిది. సెక్రటరీకి ఉత్తరం రేపు ఇస్తాను. ఆమెను మాత్రం ఏమడగాలో తెలియడం లేదు.