అమ్మానాన్నలతో నయాగరా: కెనడా వైపు వెళ్ళకపోతే వెలితిగా ఉంటుందా?

ఎడిసన్‌లో దివిసీమ (ప్రశ్న)

నమస్తే అండీ. మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. అమ్మానాన్న జులైలో వచ్చారు, నవంబరు చివర్లో తిరుగు ప్రయాణం. అక్టోబరు మూడో వారంలో నాకు నాలుగు రోజులు సెలవు దొరికింది. నయాగరా తీసుకెళ్దామనుకుంటున్నాను.

మా చిన్నప్పుడు మా ఇంటి నడవలో ఒక క్యాలెండరు ఉండేది. దాని మీద జలపాతం బొమ్మ. ఏడాది అయిపోయినా అమ్మ దాన్ని తీయనిచ్చేది కాదు. కింద తారీఖుల కాగితాలు చింపేసి బొమ్మ మాత్రం ఉంచేసింది. అది నయాగరానే అని అమ్మ నమ్మకం. అమెరికా వచ్చి మూడు నెలలైనా ఒక్క కోరికా కోరలేదు. "ఆ నీళ్ళు చూపిస్తావా?" అని ఇదొక్కటే అడిగింది. అందుకే ఈ ట్రిప్పులో ఏదీ తేడా రాకూడదని నా తాపత్రయం.

నాన్న నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. సర్వీసంతా కృష్ణా డెల్టా కాలువల మీదే. ఆయనకి 70, బాగానే నడుస్తారు. అమ్మకి 64, మోకాళ్ళ నొప్పులు. పది మెట్లు ఎక్కితే ఆగాలి. పాపకి 4 ఏళ్ళు, ఇక్కడే పుట్టింది.

నా సందేహం ఏమిటంటే, ఆఫీసులో ఎవరిని అడిగినా "కెనడా వైపు నుంచి చూడకపోతే చూసినట్టే కాదు" అంటున్నారు. అమ్మానాన్నలకి అమెరికా విజిటర్ వీసా ఒక్కటే ఉంది. నాకూ మా ఆవిడకీ పాస్‌పోర్టులో ఉన్న హెచ్1బి (ఉద్యోగ వీసా) స్టాంపు గడువు పోయిన ఏడాదే తీరిపోయింది, ఎక్స్‌టెన్షన్ అప్రూవల్ మాత్రం ఉంది. ఇప్పుడు కెనడా వీసాకి పెట్టాలా? పెడితే మళ్ళీ అమెరికాలోకి రావడానికి ఇబ్బంది ఉంటుందా? అక్టోబరు అంటే ఆలస్యమా? వచ్చేటప్పుడు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి కూడా కలుపుకోవచ్చా? కారులోనే వెళ్తాం.

బఫలో దగ్గర

మేం ఉండేది ఆమ్‌హర్స్ట్‌లో, జలపాతానికి అరగంట దూరం. ఇక్కడికొచ్చి 14 ఏళ్ళయింది. ఊరి నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్ళేది నేనే. మా అత్తగారితో ఒకసారి, మా అమ్మతో రెండుసార్లు, పిన్నిలూ బాబాయిలూ వచ్చినప్పుడు ఎన్నిసార్లో. కాబట్టి పెద్దవాళ్ళతో ఎలా ఉంటుందో తెలిసే చెబుతున్నాను.

ముందు కెనడా సంగతి. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి కెనడా విజిటర్ వీసా ఉండి తీరాలి, అమెరికా వీసా చూపిస్తే రానివ్వరు. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఆ అవసరం లేదు గానీ అది మీకు పనికిరాదు. ఆన్‌లైన్‌లో అప్లికేషను, తర్వాత వేలిముద్రలు, సరే అన్నాక పాస్‌పోర్టులు పంపి వీసా వేయించుకోవడం. నవంబరులో విమానం ఎక్కాల్సిన వాళ్ళ పాస్‌పోర్టులు అక్టోబరులో పోస్టులో తిరుగుతుంటే మీకు నిద్ర పట్టదు. నేనైతే ఆ పని పెట్టుకోను.

మీ స్టాంపు గడువు తీరిపోయిన విషయం వేరు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉండి, కెనడాలో 30 రోజుల్లోపే ఉండి, అక్కడ అమెరికా వీసాకి అప్లై చేయకుండా తిరిగొస్తే పాత స్టాంపుతోనే రానిస్తారు. ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అంటారు దాన్ని. కానీ అది తిరిగి రావడానికే. కెనడాలోకి వెళ్ళడానికి ఆ దేశం వీసా కావాల్సిందే.

ఇక చూసే సంగతి. కెనడా వైపు నుంచి మూడు జలపాతాలూ ఎదురుగా, ఫోటోలో ఉన్నట్టు కనిపిస్తాయి. అది నిజం, దాచను. కానీ నీళ్ళ పక్కన నిలబడాలంటే అమెరికా వైపే. గోట్ ఐలాండ్‌లో టెర్రపిన్ పాయింట్ అని ఉంది. మూడిట్లోకీ పెద్దదైన హార్స్ షూ జలపాతం సరిగ్గా అక్కడే అంచు దాటుతుంది. కమ్మీ పట్టుకుని నిలబడితే, చెయ్యి చాస్తే అందుతుందేమో అన్నంత దగ్గర్లో నీళ్ళు వంగుతాయి. వంగే చోట నురుగు ఉండదు. పచ్చటి గాజులాగా, నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా వంగి, ఆ తర్వాత తెల్లగా విరుగుతాయి. మా అత్తగారు అక్కడ గంటంబావు నిలబడ్డారు. కళ్ళజోడు మీద తుంపర పడుతుంటే కొంగుతో తుడుచుకోవడం, మళ్ళీ చూడటం. పద అంటే రాలేదు. కమ్మీ మీద చెయ్యి పెట్టి "ఇది వణుకుతోందమ్మా" అన్నారు.

అమ్మగారికి మెట్ల బాధ లేని చోటు అది. పార్కింగ్ దగ్గర్లోనే ఉంది, బాట కూడా నున్నగా ఉంటుంది, వీల్‌చెయిర్ తోసుకెళ్ళొచ్చు. వీల్‌చెయిర్ ఒకటి డిక్కీలో వేసుకోండి, ఆవిడ వద్దన్నా సరే. పార్కు లోపలికి టికెట్టు లేదు, పార్కింగుకి మాత్రం డబ్బు కట్టాలి. 1885 నుంచి ఉన్న పార్కు ఇది, అమెరికాలో స్టేట్ పార్కులన్నిటిలోకీ పాతది.

మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ తప్పకుండా ఎక్కించండి. అక్టోబరు మూడో వారానికి ఇంకా నడుస్తుంది, నవంబరు మొదట్లో ఆపేస్తారు. అబ్జర్వేషన్ టవర్ నుంచి లిఫ్టులో కిందికి దిగడమే. పడవలో నిలబడాలి, కానీ మొత్తం 20 నిమిషాలే. నీలం రంగు ప్లాస్టిక్ కోటు ఇస్తారు. అది చీర కుచ్చిళ్ళ దాకా రాదు, కింద నాలుగు వేళ్ళ మేర తడుస్తుంది. అక్టోబరు గాలికి ఆ తడి చలి పెడుతుంది, అమ్మగారికి ఇంకో చీరా మందపాటి సాక్సూ కారులో ఉంచండి. కేవ్ ఆఫ్ ది విండ్స్ అని ఇంకోటి ఉంది, చెక్క మెట్ల మీదుగా జలపాతం కాళ్ళ దగ్గరికి తీసుకెళ్తారు. మంచు దెబ్బకి నిలవదని ఆ చెక్కలు ఏటా ఊడదీసి, వసంతంలో మళ్ళీ కడతారు. దానికి మీరూ నాన్నగారూ వెళ్ళండి. అమ్మగారికి వద్దు.

నాన్నగారికి నచ్చే విషయం ఒకటుంది. జలపాతం మీదికి ఎన్ని నీళ్ళు వదలాలో 1950లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 8 నుంచి రాత్రి 10 వరకు, ఆ తర్వాత అక్టోబరు 31 దాకా పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు, లక్ష క్యూసెక్కులకు తగ్గకూడదు. మిగతా వేళల్లో 50 వేలు చాలు. మిగిలిందంతా కరెంటుకి మళ్ళిస్తారు. అందుకని నిండుగా చూడాలంటే రాత్రి 8 లోపు చూడండి. ఆ తర్వాత కూడా రంగు దీపాలు వేస్తారు, బాగుంటుంది, కానీ నీళ్ళు తగ్గి ఉంటాయి.

పిట్స్‌బర్గ్ కలపొచ్చు. ఇక్కడి నుంచి నాలుగు గంటలు, అక్కడి నుంచి మీకు ఆరు గంటలు. మీ ఊరి నుంచి ఇక్కడికి ఎలాగూ ఏడు గంటలవుతుంది. నాలుగు రోజులున్నాయి కదా, గుడి దగ్గర ఒక రాత్రి ఆగండి, ఒకేరోజు లాగొద్దు. ఆ మోకాళ్ళతో కారులో కూర్చోవడమే నరకం.

రాంగ్ టర్న్

పైన అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. రెండేళ్ళ కింద మాకు జరిగింది.

హోటలుకి వెళ్తూ చీకట్లో లేన్ తప్పాను. "బ్రిడ్జ్ టు కెనడా" అన్న బోర్డు చూసేసరికే రెయిన్‌బో బ్రిడ్జి మీద ఉన్నాం. అక్కడ వెనక్కి తిప్పే వీలు లేదు. అటు చివర దాకా వెళ్ళి, కెనడా వీసా లేదు, పొరపాటున వచ్చామని చెబితే ఒక కాగితం ఇచ్చి వెనక్కి పంపారు. తప్పు నాదే, వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. కానీ ఇటు వచ్చాక అమెరికా ఇమిగ్రేషన్‌లో మళ్ళీ అన్నీ చూపించాలి. నా అప్రూవల్ నోటీసు ఇంట్లో ఉంది! లోపల కూర్చోబెట్టారు. మా నాన్న బీపీ మాత్ర టైము దాటిపోతోంది, మందుల సంచి కారులో ఉంది. గంటన్నర తర్వాత పంపించారు. ఆ గంటన్నరలో మా నాన్న నా మొహం వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి కెనడా వెళ్ళకపోయినా అందరి పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింట్లు, మీ ఇద్దరి అప్రూవల్ నోటీసులు, పాప పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. ఊళ్ళోకి రాగానే పక్కనున్నవాళ్ళు బోర్డులు చదవాలి, మీరు రోడ్డు చూడాలి. ఫోన్లో రోమింగ్ కూడా ఆపేయండి. ఒడ్డున నిలబడితేనే కెనడా టవర్ సిగ్నల్ పట్టేస్తుంది.

ఎడిసన్‌లో దివిసీమ

ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. కెనడా ఆలోచన మానేశాం. మనసు తేలికపడింది.

ఆ క్యూసెక్కుల మాట నాన్నకి చదివి వినిపించాను. ఆయన "లక్షేనా?" అన్నారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షలు దాటింది కదా, లక్షంటే మాకు వరదే కాదు అన్నారు. ఆయనకి ఏం చెప్పను?

బఫలో దగ్గర

నాన్నగారి లెక్క సరైనదే. కానీ కృష్ణలో ఆ 11 లక్షలు ఎన్నాళ్ళుంటాయి? వేసవిలో అదే బ్యారేజీ కింద ఇసుక తేలుతుంది. నయాగరా నదికి పైన సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, నాలుగు మహా సరస్సులున్నాయి. అవే రిజర్వాయర్లు. అందుకే వరదా లేదు, ఎండిపోవడమూ లేదు. నదిలో సగటున 2 లక్షల క్యూసెక్కులకు పైనే వస్తుంది, ఏడాది పొడవునా. అందులో జలపాతం వాటా ఆ లక్ష. అది కూడా హార్స్ షూ దగ్గర 57 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. మన బ్యారేజీ మీద నీళ్ళు అంత ఎత్తు దిగవు కదా. చెప్పి చూడండి.

ఇంకోటి. హార్స్ షూకి ఎగువన కెనడా ఒడ్డు నుంచి నది మధ్య దాకా 18 గేట్ల డ్యాము ఉంది. నీళ్ళు పంచేది దానితోనే. అలాగే లూయిస్టన్‌లో పవర్ విస్టా అని కరెంటు కేంద్రం వాళ్ళ ఎగ్జిబిషన్ ఉంది, ఉచితం, జలపాతం నుంచి పది పదిహేను నిమిషాలు. 1961 నాటి ప్లాంటు. రాత్రిపూట నీళ్ళు పైన రిజర్వాయరులోకి తోడి, పగలు వదిలి కరెంటు తీస్తారు. నాగార్జునసాగర్ రివర్సిబుల్ టర్బైన్లు చూసిన మనిషైతే అక్కడ్నుంచి కదలరు.

పొద్దున్నే త్రీ సిస్టర్స్ ఐలాండ్స్ దగ్గరికి తీసుకెళ్ళండి, 8 కాకముందే. జలపాతం అంచుకి పైన నీళ్ళు రాళ్ళ మీద పరిగెత్తే చోటు అది.

ఎడిసన్‌లో దివిసీమ (మూడు వారాల తర్వాత)

వెళ్ళొచ్చాం అండీ. చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

అమ్మ టెర్రపిన్ పాయింట్ దగ్గర వీల్‌చెయిర్లోంచి లేచి కమ్మీ దాకా తనే నడిచింది. పొద్దున 10 అయి ఉంటుంది, ఎండ మా వీపుల వెనక నుంచి పడుతోంది, కింద తుంపరలో ఇంద్రధనుస్సు నిలబడి ఉంది. క్యాలెండర్లో ఉన్నది ఇదేనా అమ్మా అని అడిగాను. చాలాసేపు చూసి "అది కాదురా, ఇది ఇంకా పెద్దది" అంది. పడవలో చీర తడిసింది, మీరు చెప్పినట్టు రెండో చీర కారులో ఉండబట్టి సరిపోయింది.

నాన్నని రెండో రోజు తెల్లవారుతుండగా త్రీ సిస్టర్స్‌కి తీసుకెళ్ళాను. చలికి మంకీ క్యాప్ పెట్టుకుని, నది మధ్యలో తేలి ఉన్న మూడు రాళ్ళు గుర్తు పెట్టుకోమన్నారు నన్ను. పాపా మా ఆవిడా అమ్మా హోటల్లోనే ఉన్నారు. ఎనిమిదింబావుకి మూడింటిలో రెండు మునిగిపోయాయి, మూడోదాని నెత్తి మాత్రం కనబడుతోంది. నాన్న వాచీ చూసుకున్నారు. తర్వాత ఫోను తీసి, అవనిగడ్డలో తనతో పనిచేసిన లస్కరుకి (కాలువ గేట్లు చూసే మనిషికి) వీడియో కాల్ కలిపి, కెమెరా నీళ్ళ వైపు తిప్పి, ఆ హోరులో గట్టిగా అరిచారు: "ఇక్కడ కూడా గేట్లున్నాయిరా! టైముకి ఎత్తారు!"