పోర్చుగల్ వాళ్లు సొంత భాషలో పాడి గెలిచారు కదా, మా పిల్ల తెలుగులో పాడితే మార్కులు పోతాయా?

కాలవగట్టు:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర ఊరు. మా మేనకోడలు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వచ్చే నెల వేరే రాష్ట్రంలో కాలేజీల పాటల పోటీ ఉంది, దానికి సెలెక్టయింది. మా అమ్మ ఊడుపుల్లో ముఠాతో కలిసి పాడే పాట ఒకటి చిన్నప్పటి నుంచీ వింటూ నేర్చుకుంది, అదే పాడతానంటుంది. కాలేజీలో మాత్రం అక్కడి జడ్జీలకు తెలుగు రాదు, హిందీ పాట తీసుకో, వెనకాల నలుగురు డాన్స్ చేస్తే మార్కులు పడతాయని చెప్పారు. పిల్ల రెండు రోజుల నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు.

నిన్న రాత్రి ఇంట్లో అందరం కూర్చుని యూరోవిజన్ 2017లో, అంటే యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీలో, పోర్చుగల్ పాట చూశాం. సాల్వడోర్ సోబ్రాల్ అని, వదులుగా నల్లకోటు వేసుకుని జనం మధ్యలో ఉన్న చిన్న వేదిక మీద ఒక్కడే నిలబడి, చేతులు గాల్లో దేన్నో తడుముతున్నట్టు కదుపుతూ పాడాడు. డాన్సర్లు లేరు, మంటలు లేవు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మా అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. అది నిజంగా పాట బలమేనా, లేక ఆ పోటీ రూల్సే అలా ఉంటాయా? తెలిసినవాళ్లు చెప్పండి, పిల్లకి చూపించాలి.

రాజోలు రేడియో:
రూల్స్ వల్ల కాదండి. ఒకప్పుడు ఏ దేశం వాళ్లు ఆ దేశం భాషలోనే పాడాలనే నియమం ఉండేది, 1999 నుంచి దాన్ని తీసేశారు, అప్పటినుంచీ చాలా దేశాలు ఇంగ్లీషుకే వెళ్లిపోయాయి. అందరికీ అర్థమవ్వాలని, అచ్చం మీ కాలేజీ వాళ్లు అన్నట్టే. పోర్చుగల్ 1964 నుంచి ఆడుతూ ఒక్కసారీ గెలవలేదు, మొదటి ఏడాది సున్నా పాయింట్లు, అంతకుముందు వాళ్ల బెస్ట్ 1996లో వచ్చిన 6వ స్థానం. 2016లో అసలు వెళ్లనే లేదు. అలాంటి దేశం 2017లో కీవ్‌లో 758 పాయింట్లతో గెలిచింది. అందులో జ్యూరీలు ఇచ్చినవి 382, జనం ఓట్లతో వచ్చినవి 376. ఈ లెక్కే మీ పిల్లకి చూపించండి, సంగీతం తెలిసినవాళ్లూ ఇంట్లో టీవీ చూసేవాళ్లూ విడివిడిగా అదే పాటని మొదట పెట్టారు.

ఆ పాట రాసింది అతని అక్క లూయిజా. అతనికి గుండె జబ్బు, ఇంటికి దూరంగా ఎక్కువ రోజులు ఉండకూడదని కీవ్‌లో మొదటి రిహార్సల్స్‌లో అతని చోట అక్కే నిలబడి పాడింది. గెలిచాక ఇద్దరూ కలిసి పాడారు, ఆ వీడియో కూడా చూడండి. ఆ డిసెంబరులో అతనికి గుండె మార్పిడి చేశారు.

లంక మనిషి:
పైన చెప్పినవన్నీ నిజమే గానీ సగమే చెప్పారు. మరుసటేడు పోటీ లిస్బన్‌లో, పోర్చుగల్ వాళ్ల సొంతింట్లోనే జరిగింది, మళ్లీ పోర్చుగీసులోనే పాడారు, 39 పాయింట్లతో ఆఖరి స్థానం. భాష అదే కదా మరి! 2022లో ఉక్రెయిన్ సొంత భాషలో పల్లె పిల్లనగ్రోవి పెట్టి గెలిచింది, జనం ఓట్లు 439 వచ్చాయి, జ్యూరీల దగ్గర మాత్రం నాలుగో స్థానమే. యుద్ధం మొదలైన ఏడాది అది, జనం మనసు ఆ దేశం మీదుంది. కాబట్టి తెలుగు కదా అని మార్కులు వేస్తారనుకోవద్దు, తెలుగు కదా అని కోస్తారనీ భయపడొద్దు. పిల్ల గొంతు ఆ పాటకి సరిపోతుందా లేదా, అది చూసుకోండి.

ముత్యాల హార్మోనియం:
అన్నయ్యగారూ, మాది నర్సాపురం, పిల్లలకి సంగీతం చెబుతాను. పాట మార్చొద్దండి, పాడే తీరు మాత్రం చూసుకోండి. ఊడుపు పాట వంగి నారు నాటుతూ పాడేది, ఆ ఒంగుడులో ఊపిరి చాలదు, అందుకే ఒక్కో ముక్క చిన్నగా ఉంటుంది, మధ్యలో మిగతావాళ్లు వంత అందుకునేలోగా పాడే మనిషి గాలి పీల్చుకుని మూడు మొక్కలు గుచ్చుతుంది. మన పిల్లలు మైకు ముందు నిటారుగా నిలబడి అదే పాటని సినిమా పాటలా సాగదీస్తారు, అక్కడే చచ్చిపోతుంది. ముక్క తెగిన చోట తెగనివ్వండి.

ఇంకొకటి, పొలంలో పాట గంటసేపైనా నడుస్తుంది, స్టేజీ మీద కాదు. యూరోవిజన్‌లో 3 నిమిషాలు దాటకూడదు, మెయిన్‌గా పాడేవాళ్ల గొంతు లైవ్‌లో ఉండాలి, వాయిద్యాలు రికార్డింగే. మీరూ మూడు చరణాలకి కోసేయండి. మొదటిది శ్రుతి తప్ప ఏమీ లేకుండా పాడించండి, డాన్సుకి అనుకున్న నలుగురిలో ఇద్దర్ని వంతకి పెట్టండి. కాలేజీ వాళ్లు కాదనరు.

కాలవగట్టు:
అందరికీ చాలా థాంక్సండి. మూడు రిప్లైలూ పిల్లకి చదివి వినిపించాను. లంక మనిషి గారు రాసింది విన్నప్పుడు కాస్త బెదిరింది గానీ తర్వాత తనే వాళ్లమ్మమ్మని పెరట్లోకి తీసుకెళ్లి వంగి పాడమంది, ఫోన్‌లో రికార్డు చేసింది. అమ్మకిప్పుడు నడుం వంగదు, గుమ్మం పట్టుకుని పాడింది. అయినా నర్సాపురం చెల్లెమ్మ చెప్పినట్టు ముక్క ముక్కకీ ఊపిరి వినబడుతోంది. పిల్ల ఇంతకాలం ఆ చోట్లన్నీ కలిపేసి పాడుతోందట. ఏ మూడు చరణాలు ఉంచాలో ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు, నారుకట్టలు అందించే చరణం తీసేయడానికి అమ్మ ఒప్పుకోవట్లేదు. సోమవారం కాలేజీకి నేనే వెళ్లి మాట్లాడతాను.