నీళ్ల క్యాన్ల బండికి డీజిల్ ఖర్చు ఎలా తగ్గించాలి?

అందరికీ నమస్కారం. ఖమ్మంలో చిన్న వాటర్ ప్లాంట్ నడుపుతున్నాను. 20 లీటర్ల క్యాన్లు ఇళ్లకు, షాపులకు వేయడానికి ఒక డీజిల్ మినీ ట్రక్కు ఉంది. కొత్తలో లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 12 దాటడం లేదు. ట్రిప్పుకు 35 క్యాన్లు, అంటే 700 కిలోల పైమాటే. క్యానుకు రూపాయి పెంచితే జనం పక్క ప్లాంటుకు వెళ్లిపోతారు. నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలక చాలా టెన్షన్‌గా ఉంది.

మొన్న ఒక పూట నేనే బండిలో కూర్చుని చూశాను. డ్రైవర్ మంచి పనివాడు. కానీ అపార్ట్‌మెంట్ల దగ్గర క్యాన్లు పైకి మోసి దిగేదాకా ఇంజిన్ ఆపడం లేదు, ఎడమ కాలు ఎప్పుడూ క్లచ్ మీదే. ఎయిర్ ఫిల్టర్ విప్పితే దుమ్ము మేట వేసి ఉంది. అది మార్పించి, టైర్లలో గాలి సరిచేయిస్తే ఒక కిలోమీటరు పెరిగింది, అంతే.

ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు సర్వీసు చేయిస్తే తేడా వస్తుందా? మధ్యాహ్నం ఒక్క క్యాను కోసం ఫోన్ చేసేవాళ్లకు విడిగా ట్రిప్పు వేయకుండా, వీధికో రోజు పెట్టినవాళ్లు ఉన్నారా? కస్టమర్లు ఒప్పుకున్నారా? రోజుకు 60 కిలోమీటర్లే తిరుగుతాం కాబట్టి ఎలక్ట్రిక్ ట్రాలీ కొందామనీ ఉంది. ఇంత బరువుతో నడుపుతున్నవాళ్లు ఒక్క చార్జింగ్‌కి నిజంగా ఎంత దూరం వస్తోందో దయచేసి చెప్పండి.