టీబీ మందులు వాడుతుంటే కాలిలో రక్తం గడ్డ: మీ ఇళ్లలో ఎవరికైనా వచ్చిందా?

తిరుచానూరు అమ్మాయి:
మా నాన్నకు ఊపిరితిత్తుల క్షయ. మందులు మొదలుపెట్టి మూడు వారాలయింది. దగ్గు, జ్వరం తగ్గాయి కానీ ఎడమ పిక్క రాయిలా బిగుసుకుని వాచింది. పడుకునే ఉంటున్నారు కదా, నీరు దిగిందనుకుని నువ్వుల నూనె రాసి రెండు రోజులు మర్దన చేశాం. తిరుపతిలో డాప్లర్ స్కాన్ తీయిస్తే లోపలి సిరలో గడ్డ ఉందన్నారు. మొన్నటిదాకా కఫంలో రక్తం పడిన మనిషికి ఇప్పుడు రక్తం గడ్డకట్టడమేమిటి?

ల్యాబు మనిషి:
ముందు ఆ మర్దన ఆపండి తల్లీ. గడ్డ ఊడి ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఉదయందాకా చూడకుండా 108కి ఫోను చేయండి.
మీ సందేహం సహజమే. కఫంలో రక్తం పడేది సాధారణంగా అది గడ్డకట్టలేక కాదు, జబ్బు ఊపిరితిత్తిలోని రక్తనాళాన్ని తినేయడం వల్ల. అదే జబ్బు ఒంట్లో రేపే వాపు (ఇన్‌ఫ్లమేషన్) వల్ల కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, చాలామందిలో ప్లేట్‌లెట్లూ పెరుగుతాయి. గడ్డకట్టకుండా కాపాడే యాంటీత్రాంబిన్, ప్రోటీన్ సి తగ్గుతాయి. దానికి మంచాన పడటం తోడైతే చెప్పేదేముంది.

చిత్తూరు బెల్లం:
మా బావగారికీ ఇంతే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు ఇచ్చారు, ఎన్ని రోజులైనా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే పరీక్ష అంకె) పెరగదు. మాత్రలు వేసుకోవడం లేదని ఆయనను మేమే కోప్పడ్డాం, పాపం! తప్పు రిఫాంపిసిన్ అనే టీబీ మందుది. అది కాలేయాన్ని ఉసిగొల్పి వార్ఫరిన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుందట. మోతాదు రెండింతలు దాటాక గానీ దారికి రాలేదు.
అసలు చిక్కు తరువాత వచ్చింది. ఆరు నెలల కోర్సు ముగిసి రిఫాంపిసిన్ ఆగింది, వార్ఫరిన్ మాత్రం అదే మోతాదు. మూడో వారంలో పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. టీబీ కోర్సు ముగిసే తేదీ వార్ఫరిన్ ఇచ్చే రెండో డాక్టరుకు ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

మదనపల్లె పాతకాపు:
వార్ఫరిన్‌కు బదులుగా ఇచ్చే కొత్త మాత్రలు రివరాక్సబాన్, అపిక్సబాన్‌లనూ రిఫాంపిసిన్ బలహీనపరుస్తుంది. అందుకే మా ఆవిడకు కొన్నాళ్లు పొట్టకు వేసే హెపారిన్ ఇంజెక్షన్‌తోనే నడిపారు, దానికి ఈ గొడవ లేదు. కానీ రోజూ పొడిపించుకోవాలి, ఖర్చు కూడా.
మా తాతను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం టీబీ శానటోరియంలో నెలల తరబడి వరండాలో పడుకోబెట్టారట. 1915లో మొదలైన చోటు అది, అప్పట్లో విశ్రాంతే మందు. మా ఆవిడకు వాపు తగ్గాక డాక్టరు చెప్పింది మాత్రం “లేచి నాలుగడుగులు వేయమ్మా” అని.

తిరుచానూరు అమ్మాయి:
నాన్నకు ఈ రోజు నుంచి ఇంజెక్షన్, వార్ఫరిన్ రెండూ మొదలుపెట్టారు. అయితే టీబీ మాత్రలు కొన్నాళ్లు ఆపమంటుంది మా అత్త.

ల్యాబు మనిషి:
అస్సలు ఆపవద్దు. జబ్బు ఒంట్లో రేపే వాపు అణిగేదే వాటితో, పైగా మధ్యలో ఆపితే క్రిమి మందులకు మొండికేస్తుంది. ఐఎన్ఆర్ చూసి మోతాదు మార్చాల్సింది వార్ఫరిన్‌నే, అదీ డాక్టరే. వార్ఫరిన్ పనిని తగ్గిస్తాయని ఆకుకూరలు మానిపించకండి, రోజూ తినే కొలతలోనే పెట్టండి.

తిరుచానూరు అమ్మాయి:
సరేనండి. కోర్సు ముగిసే తేదీని రెండు చీటీల మీదా ఎర్ర సిరాతో రాసేశాను.